అద్దం మేస్త్రి కూర్చోని కుర్చీ

అందరూ ఆయన్ని అద్దం మేస్త్రి అంటారు. ఆ పేరు పెట్టింది ఎవరో కస్టమరు. తన భోజనాల బల్లకి పాలిష్ అయ్యాక వంగి చూసుకుని, "ఇక గెడ్డం గీసుకోడానికి అద్దం కొనక్కర్లేదు మేస్త్రీ" అన్నాడట. ఆ మాటని మేస్త్రి తనే నలుగురికీ చెప్పుకున్నాడు, ఆ నలుగురూ ఊరంతా చెప్పారు. ఇప్పుడు ఆయన అసలు పేరు కావాలంటే భార్యని అడగాలి. ఆవిడైనా కాస్త ఆలోచించే చెబుతుంది.

పనిలో ఆయనకి రెండు పట్టింపులు. ఏ పూత వేయాలో కస్టమర్ని అడగకపోవడం మొదటిది. అడిగితే వాళ్ళు తక్కువ రకం చెబుతారనీ, రేపు మాట పడేది తనేననీ ఆయన నమ్మకం. చెక్క ఏదైనా, ఇల్లు ఎవరిదైనా, లక్క పాలిష్ పూత మీద పూత పడాల్సిందే. పని పూర్తయిందో లేదో తేల్చే పద్ధతి రెండోది. బల్లకి ఒక పక్కన నిలబడి, ఒక కన్ను మూసి, మొహాన్ని అంచు దాకా దించి, ఏటవాలుగా కిటికీ వైపు చూస్తాడు. కిటికీ ఊచలు బల్లలో వంకర లేకుండా కనిపిస్తే పని అయినట్టు. ఒక్క ఊచ వణికినా మళ్ళీ గుడ్డ ఉండ చేతిలోకి తీసుకుంటాడు. ఇన్నేళ్ళలో ఎన్ని బల్లలు ఆయన చేతుల మీదుగా వెళ్ళాయో గానీ, ఒక్కదాని ముందు కూడా కుర్చీ లాక్కుని కూర్చోలేదు. కూర్చోవడం బల్ల గలవాళ్ళ పని అనేవాడు.

బల్ల గలవాళ్ళంటే ఆయనకి లోపల చిన్న కినుక ఉండేది. అది ఎక్కడిదో చెబితే గానీ తర్వాత జరిగింది అర్థం కాదు.

వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసేవాడు. వీధి మలుపులో ఒక తలుపూ ఒక కిటికీ ఉన్న చిన్న కొట్టు, కిటికీ కింద టేకు బల్ల. ఆ బల్ల కొడుక్కే వస్తుందని అందరూ అనుకున్నారు, కొడుకైతే ఖాయం చేసేసుకున్నాడు. కాకపోతే వాడివి అరటికాయల్లాంటి వేళ్ళు. పట్టకారుతో గడియారపు మర, అదే నూగింజంత స్క్రూ, పట్టుకోబోతే అది ఎగిరి ఎక్కడో పడేది. నాన్నా, పెద్దదైన కూతురూ, వాడూ ముగ్గురూ నేల మీద పాకుతూ వెతికేవారు. దొరికేది ఎప్పుడూ అక్కకే. ఒకరోజు నాన్న వాడి చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "నీ చేతికి పెద్ద పని కావాలిరా" అని ఫర్నిచర్ కొట్టులో చేర్పించాడు. బల్ల ముందు కుర్చీ అక్కకి వచ్చింది. నాన్న కోపంగా అనలేదు, తప్పుగానూ అనలేదు. అయినా ఆ మాట వాడికి 'నీకు చేతకాదు' అన్నట్టే వినిపించింది. మేస్త్రి అయ్యాక, పేరొచ్చాక, జుట్టు నెరిశాక కూడా గడియారాల కొట్టుకి వెళ్తే నిలబడే మాట్లాడేవాడు. అక్క స్టూలు చూపిస్తే "పనుందక్కా" అనేవాడు.

అక్క ఈ కినుకని పట్టించుకునే రకం కాదు. సన్నటి మనిషి, మాటలు ఇంకా సన్నం. కంటికి భూతద్దం తగిలించుకుందంటే పక్కింట్లో గోడ కూలినా తల ఎత్తదు. వీధిలో గడియారాలమ్మ అంటారు. కొట్టు వెనక గదిలోనే ఉంటుంది. ఆమె బల్ల ముందు కూర్చోలేదంటే ఆమెకి జ్వరమైనా వచ్చి ఉండాలి, ఊళ్ళో గడియారాలన్నీ సరిగ్గా అయినా నడుస్తుండాలి. రెండోది ఇంతవరకూ జరగలేదు.

అలాంటి అక్క ఒకసారి తనంతట తనే అడిగింది. "బల్ల మీద పెచ్చులు లేస్తున్నాయిరా. సందుల్లో మరలు ఇరుక్కుంటున్నాయి. కాస్త చూడు. మరీ ఎక్కువ చెయ్యకు, నాకు పని జరిగితే చాలు."

"నువ్వు చూస్తూ ఉండక్కా" అన్నాడు మేస్త్రి. ఆమె చెప్పిన మాటల్లో 'కాస్త చూడు' వరకే ఆయన చెవికెక్కింది.

బల్ల పైచెక్కని విప్పి తన షెడ్డుకి తెచ్చుకున్నాడు. మిగతా పనులన్నీ పక్కన పెట్టాడు. పాత పొర గీకాడు, ఉప్పు కాగితంతో రుద్దాడు. నాన్న కాలం నాటి స్పిరిట్ మరకలు, నూనె మరకలు ఎంత రుద్దినా పోకపోతే, అవి కనపడకుండా ముదురు రంగు పట్టించాడు. ముందు అంచు అరిగి గుండ్రమైపోయి ఉంది. నాన్న చేతులూ, తర్వాత అక్క చేతులూ ఆనీ ఆనీ అరిగిన అంచు అది. దాన్ని చిత్రిక పట్టి, గీత గీసినట్టు నిటారుగా కోణం తేల్చాడు. ఇక లక్క పూతలు. భార్య వచ్చి, "మన పెళ్ళి మంచానికి కూడా ఇంత చెయ్యలేదు మీరు" అంది. నిజమే, చెయ్యలేదు. ఆ బల్లకి పాలిష్ వేస్తున్నంతసేపూ ఆయన మనసులో నాన్నతో మాట్లాడుతూనే ఉన్నాడు. చూడు, నా చేతికి చేతనైంది చూడు, అని.

తెచ్చి బిగించాక కిటికీ ఊచలు సరే, ఊచల మీద వాలిన ఈగ కూడా బల్లలో కనిపించింది. అక్క చాలాసేపు చూసి, "నాన్న చూస్తే గుర్తుపట్టడురా" అంది. మేస్త్రి దాన్ని మెచ్చుకోలుగా జమ వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ జాగ్రత్తలు చెప్పాడు. స్పిరిట్ గిన్నె బల్ల మీద పెట్టకూడదు, లక్క కరుగుతుంది. కాగితాలూ గుడ్డలూ పరవకూడదు, గీతలు పడతాయి. అక్క సరేనని స్పిరిట్ గిన్నెని పక్కనున్న స్టూలు మీదకి మార్చింది. అప్పట్నుంచీ ఒక్కో చక్రాన్ని కడగడానికి నడుం తిప్పి వంగేది. తమ్ముడు ముచ్చటపడి చేసింది కదా అని కాగితం ముక్క కూడా పరవలేదు.

కొన్ని వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం అక్క దగ్గర్నుంచి కబురొచ్చింది. మేస్త్రి వెళ్ళి ఎప్పట్లాగే గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"ఈ నెలాఖరుకి కొట్టు మూసేస్తున్నానురా" అంది ఆమె, ఉల్లిపాయలు అయిపోయాయన్నంత మామూలుగా.

"మూసేయడమేంటి?"

"కళ్ళు పోయాయి. మర చేతిలోంచి జారితే దొరకడం లేదు. దీపం వేసుకుంటే కళ్ళు చెదురుతున్నాయి. మొన్న ఆ బస్సు డ్రైవరు గడియారం విప్పాను, మళ్ళీ బిగించలేకపోయాను. ముక్కలన్నీ పొట్లం కట్టి వెనక్కిచ్చేశాను. అలా ఎప్పుడూ ఇవ్వలేదురా నేను."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. వయసుకి తగ్గట్టే ఉన్నాయన్నాడు. వెలుగుకి చెదరడం ఈ వయసులో మామూలేనట. కొత్త కళ్ళజోడు రాశాడు. దాంతో డాక్టరు మొహం బాగా కనిపించింది, మర మాత్రం కనిపించలేదు."

అక్కకి కళ్ళు లేకపోవడమన్నది మేస్త్రి ఎన్నడూ ఊహించని సంగతి. నేల మీద పోయినవన్నీ వెతికిపెట్టిన కళ్ళవి.

"బల్ల నువ్వు తీసుకుపో" అంది ఆమె. "చిన్నప్పట్నుంచీ నీకు దాని మీద ఎంత ఆశో నాకు తెలియదనుకున్నావా? ఉండు, టీ పెడతాను." అని వెనక గదిలోకి వెళ్ళింది.

కొట్టులో మేస్త్రీ బల్లా మిగిలారు. అది ఇక తనది. జీవితమంతా కావాలనుకున్నది అడక్కుండానే వచ్చి ఒళ్ళో పడితే మనిషి ఏం చేస్తాడు? ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాన్న కుర్చీలో, అక్క కుర్చీలో, మొదటిసారి. సొంత బల్ల ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో చూద్దామని మెడ వంచే దీపాన్ని దగ్గరికి లాగి స్విచ్చి వేశాడు.

బల్లలోంచి రెండో దీపం ఒకటి తిన్నగా ఆయన కళ్ళల్లోకి కొట్టింది.

తల పక్కకి జరిపాడు. బల్లలో దీపమూ జరిగింది. కాస్త వెనక్కి వాలాడు, అదీ వచ్చింది. చేతులు అంచు మీద ఆనిస్తే ఆ నిటారు కోణం ముంజేతిలోకి దిగింది. పక్కన మరలు పోసి ఉన్న డబ్బా మూతలోంచి ఒక చిన్న మర తీసి బల్ల మీద వదిలాడు. అది టింగుమని ఎగిరింది, ఇక కనిపించలేదు. నీలి నలుపు మర, ముదురు గోధుమ రంగు చెక్క, మధ్యలో మండుతున్న దీపం. అరచేత్తో బల్లంతా తడిమితే అటు చివర దొరికింది. మళ్ళీ వదిలాడు, మళ్ళీ పోయింది. ఎప్పుడూ పక్కన నిలబడి కిటికీ ఊచలు చూసుకున్న మనిషికి, ఎదురుగా కూర్చుని చూస్తే దీపం ఒక్క వంకర లేకుండా కనిపించింది. పని అంత బాగా కుదిరింది.

అక్క కళ్ళకి ఏమీ కాలేదు. కళ్ళు పోగొట్టింది తను.

ఆయన వెంటనే అక్కని పిలిచాడని చెప్పాలని నాకూ ఉంది. కానీ పిలవలేదు. వెనక గదిలో నీళ్ళు మరుగుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాడు. చెప్పకపోతే బల్ల తనది. చెబితే బల్లా పోతుంది, పేరూ పోతుంది. డాక్టరు చెప్పాడు, అక్క నమ్మింది. తను కొత్తగా ఆడాల్సిన అబద్ధం కూడా ఏమీ లేదు, ఊరుకుంటే చాలు. ఆ ఊరుకోవడం ఎంత తేలికో తలుచుకుంటే ఆయనకే భయమేసింది.

అక్క రెండు కప్పులతో వచ్చి, కుర్చీలో ఉన్న తమ్ముణ్ణి చూసి ఆగింది. "కూర్చున్నావే" అంది.

"అక్కా, నీ కళ్ళు బాగానే ఉన్నాయి."

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావురా?"

"బల్లే బాగాలేదు. నేనే చెడగొట్టాను."

ఆయన లేచి, ఆమెని కూర్చోబెట్టి, మూలనున్న పాత పేపరు తెచ్చి వెనక్కి తిప్పి, అచ్చు తక్కువున్న వైపు పైకి వచ్చేలా పరిచాడు. పరవకూడదని కట్టడి చేసిన చేతులతోనే పరిచాడు. దాని మీద మర వదిలి, "తియ్యి" అన్నాడు. అక్క పట్టకారుతో తీసేసింది. ఇంకొకటి వదిలాడు, అదీ తీసింది. తర్వాత ఆమే డబ్బా మూతని పేపరు మీద బోర్లించి, చెదిరిన మరలన్నిటినీ ఒక్కొక్కటే ఏరింది. ఒక్కటి కూడా తప్పిపోలేదు.

ఏరడం అయ్యాక పట్టకారు కింద పెట్టింది. "గదిలో కళ్ళు మూసుకుని నడవడం అలవాటు చేసుకుంటున్నానురా" అంది. "పొయ్యి దాకా, మంచం దాకా, గుమ్మం దాకా. ముందే అలవాటైతే తర్వాత కష్టం ఉండదని."

క్షమించమనడం వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ లేదు, ఎలా మొదలుపెట్టాలో మేస్త్రికి తెలియదు. అక్క తన టీ తాగింది. తర్వాత ఆయన కప్పు కూడా తన వైపు లాక్కుని తాగేసింది. ఆమెకి ఎంత కోపం వచ్చిందో ఆయనకి దాంతో తెలిసింది.

కప్పులు పక్కన పెట్టి, "పేపరు వేసుకుంటే సరిపోతుందిలే" అంది.

"మర పేపరు కింద దూరితేనో? నేను విప్పి తీసుకెళ్తాను. ఈసారి ఏం వేయాలో నువ్వే చెప్పు" అన్నాడు మేస్త్రి. ఆయన ఆ మాట ఒక కస్టమర్ని అడగడం అదే మొదలు.

షెడ్డులో స్పిరిట్ గుడ్డ పెట్టి తుడుస్తుంటే లక్క మెత్తబడి, జిగురై, ముడతలు పడి ఊడివచ్చింది. చేతికెక్కిన పనిని చేత్తోనే తీసేయడం ఎలా ఉంటుందంటే, ఉత్సాహంగా మాత్రం ఉండదు. రంగు పోయేదాకా రుద్దాక నాన్న నాటి మరకలు మళ్ళీ బయటపడ్డాయి. అవి ఎవరినీ ఇబ్బంది పెట్టేవి కావు కదా అని ఇప్పుడు తోచింది.

చెక్క అడుగువైపు, ఎవరికీ కనపడని చోట, పక్కపక్కనే మూడు రకాలు వేసి ఆరబెట్టి అక్క దగ్గరికి తెచ్చాడు. ఒకచోట లక్క, పలచగా ఒక్క పూత. ఒకచోట వార్నిష్ వేసి, మెరుపు చచ్చేదాకా సన్నటి ఉప్పు కాగితంతో రుద్దింది. ఒకచోట అవిసె నూనె ఇంకేలా పట్టించి, తేనెమైనం రాసి తుడిచింది.

అక్క దాన్ని స్టూళ్ళ మీద అడుగు పైకొచ్చేలా బోర్లా వేయించి దీపం దగ్గరికి లాక్కుంది. చీర ఎంచుకునేవాళ్ళలా రంగు చూడలేదు, చేత్తో నిమరలేదు. మూడింటి మీదా ఒక్కో స్పిరిట్ చుక్క వేసి, ఆ తర్వాత మరలు వదిలింది. లక్క మీద చుక్క పడ్డచోట జిగురైంది. "ఇది వద్దు" అంది. వార్నిష్‌ని స్పిరిట్ ఏమీ చేయలేదు, వెలుగు కూడా కంట్లో పడలేదు. మేస్త్రికి ఆశ పుట్టింది. కానీ మర ఎగిరి నేల మీదకి దూకింది. అక్క ముందుకు వంగి మళ్ళీ వదిలింది, మళ్ళీ దూకింది.

"గట్టిగా ఉందిరా ఇది. తన్నేస్తోంది."

నూనె పట్టించిన చోట మర టప్పుమని పడి అక్కడే ఉండిపోయింది. లేత చెక్క రంగు మీద నల్లటి మర. స్పిరిట్ చుక్క ఆరినచోట పాలిపోయిన మచ్చ మిగిలింది. "ఈ మచ్చ సంగతేంటి?" అని అడిగింది.

"మళ్ళీ కాస్త నూనె గుడ్డతో తుడిస్తే పోతుంది. అప్పుడప్పుడూ తుడుస్తూనే ఉండాలి. అక్కా, ఇది వేస్తే పాలిష్ వేసినట్టే ఉండదు. కోసిన చెక్క తెచ్చి అలాగే పెట్టేశారనుకుంటారు."

"అనుకోనీ."

"నా పేరు..."

"నీ పేరు నాకు మరలు వెతికిపెడుతుందా?"

మేస్త్రి నూనే పట్టించాడు. పైచెక్క బిగించాక ఇంకో పని చేశాడు. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి, పని చేసేటప్పుడు చేతులు ఎక్కడ ఆనుతాయో ఆనించమన్నాడు. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, ఆ నిటారు అంచుని ఉప్పు కాగితంతో గుండ్రం చేశాడు. కాసేపు రుద్దడం, ఆమె చేయి పెట్టి చూడటం, ఇంకాస్త రుద్దడం. రెండు తరాలు అరగదీసిన దాన్ని మళ్ళీ అలా అరగదీయడానికి చాలాసేపే పట్టింది. చివరికి అక్క చేతులు ఆనించి, భూతద్దం కంటికి తగిలించుకుంది. అంటే సరిపోయిందన్నమాట.

కొట్టు మూయలేదు. బస్సు డ్రైవరుకి కబురు వెళ్ళింది, ఆ పొట్లం ఎవరి చేతైనా పంపమని.

అతను గడియారం తీసుకెళ్ళడానికి వచ్చిన రోజున మేస్త్రి కొట్టులోనే ఉన్నాడు. నూనె గుడ్డతో బల్ల తుడవడానికని ఇప్పుడు తరచూ వస్తున్నాడు. వస్తే స్టూలు మీద కూర్చుంటున్నాడు కూడా. డ్రైవరుకి ఆయన ముఖపరిచయం లేదు. గడియారం చెవి దగ్గర పెట్టుకుని విని, చేతికి కట్టుకుని, కట్టుకున్నాక బల్ల వైపు చూశాడు.

"ఇదేంటమ్మా? మొన్న వచ్చినప్పుడు మొహం చూసుకునేలా మెరిసిపోతుండేది. ఇప్పుడిలా వెలిసిపోయిందేంటి?"

"పాతబడిందిలే" అంది అక్క. ఆమె చేతిలో ఇంకెవరిదో గడియారం విప్పి ఉంది.

"మీ తమ్ముడు ఆ అద్దం మేస్త్రేనటగా! ఊరందరి బల్లలూ మెరిపిస్తాడు, సొంత అక్క బల్లకి ఒక్క పూత వేయడానికి చేతులు రావా?"

అక్క పట్టకారు గాలిలో ఆగింది. భూతద్దం తీయకుండానే, రెండో కంటితో స్టూలు వైపు చూసింది. మేస్త్రి చేతిలో నూనె గుడ్డ ఉంది. మామూలు రోజుల్లో అయితే ఆ మాటన్నవాడికి తన పనితనం గురించి టీ చల్లారిపోయేదాకా చెప్పేవాడు.

"ఆవిడ అడుగుతూనే ఉందండీ పాపం" అన్నాడు. "ఆ మేస్త్రికే తీరిక దొరకడం లేదు."

డ్రైవరు తల అడ్డంగా ఊపుతూ వెళ్ళిపోయాడు. అక్క పనిలోకి వంగింది. కాసేపటికి పట్టకారులోంచి చిన్న మర ఒకటి జారి టప్పుమని బల్ల మీద పడింది. ఆమె వెతక్కుండానే దాన్ని తీసుకుంది.